ముందు సీటు

నవంబరు 3, ఆదివారం

ఎంట్రీ ఫారాలన్నీ వచ్చేశాయి. నాలుగు క్లబ్బులు, ఐదు పందేలు, నెలకొకటి, మార్చిలో ఆఖరుది. ఈ చలికాలం సిరీస్ నడపడం నాకు ఇది పదకొండో ఏడు. ఎవరికీ వద్దీ పని. మీటింగులో "కన్వీనర్‌గా ఎవరుంటారు?" అనగానే అందరూ వంచిన తల ఎత్తకుండా తమ తమ బూట్లు చూసుకున్నారు. "సరే ఏడవండి, నేనే ఉంటాను" అన్నాను. చప్పట్లు కొట్టారు. దానికి మాత్రం అందరూ ముందుంటారు.

ఇద్దరు తెడ్డు వేసే కెనూ పడవలు ఈసారి ఇరవై రెండు. మాది పద్దెనిమిదో నంబరు, ఎప్పుడూ అదే. వెనక సీటు నేను, ముందు సీటు చెల్లి. పేర్లు రాసి పెట్టేశాను.

చెల్లిని అడగలేదు. అడగడమేమిటి? తొమ్మిదేళ్ళుగా రాస్తూనే ఉన్నాను, ఎప్పుడడిగాను కనక.

నవంబరు 5

చెల్లి నాతో మాట్లాడటం మానేసి ఎనిమిది నెలలవుతోంది. చెయ్యి బెణికినందుకు సొంత అక్కతో ఎనిమిది నెలలు మాట్లాడటం మానేసే మనిషిని నేనెక్కడా చూడలేదు. అదీ పందెం గెలిచిన రోజున బెణికింది. అమ్మ పోయినప్పుడు దానికి తొమ్మిదేళ్ళు, నాకు పంతొమ్మిది. జడలు వేశాను, లెక్కలు చెప్పాను, సంబంధం చూశాను. ఈత నేర్పిందీ నేనే, తెడ్డు పట్టించిందీ నేనే. ఇప్పుడు నేను దానికి పరాయిదాన్నయ్యాను.

పడవలో కూర్చుంటే అన్నీ అవే సర్దుకుంటాయి. నీళ్ళ మీద మాకెప్పుడూ గొడవ రాలేదు.

నవంబరు 6

డిపోలో వచ్చే నెల డ్యూటీ చార్టు వేశాను. నూటనలభై మంది డ్రైవర్లు, కండక్టర్లు. ఒక డ్రైవరు వచ్చి కౌంటరు మీద మోచేతులు ఆనించి, "మేడమ్, ఒక్కసారి నన్నడిగి వెయ్యకూడదా?" అన్నాడు. "నూటనలభై మందినీ అడుగుతూ కూర్చుంటే బస్సులు కదిలేదెప్పుడయ్యా?" అన్నాను. గొణుక్కుంటూ పోయాడు. పోనీ.

నవంబరు 10

మొదటి పందెం. పొగమంచుకి అవతలి ఒడ్డు కనబడక అరగంట ఆలస్యంగా మొదలుపెట్టాం. ఇరవై ఒక్క పడవలు దిగాయి. పద్దెనిమిదో నంబరు పిలిచాను. నిబంధన ప్రకారం మూడుసార్లు పిలవాలి, పిలిచాను. నా పడవని నేనే పిలుస్తుంటే కొందరు నవ్వారు. షీటులో "రాలేదు" అని రాశాను.

రెండేసి నిమిషాలకు ఒక పడవ వదలడం, గడియారం చూడటం, షీటు నింపడం. వేళ్ళు కొంకర్లు పోయాయి. అందరూ వెళ్ళాక టీ పాత్ర కడిగి బోర్లించి, షెడ్డు తాళం వేసి ఇంటికొచ్చాను. నిలబడే రొట్టె తిన్నాను. ఒక్కదానికి కంచమెందుకు?

నవంబరు 17

పడవ ఊరికే ఉంటే పాడవుతుందని నీళ్ళలోకి దించాను. ఇద్దరి పడవలో ఒక్కళ్ళు వెనక కూర్చుంటే ముక్కు గాల్లోకి లేస్తుంది. అందుకని ముందు సీట్లో ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను పెట్టాను. బాగానే నడిచింది.

మా పద్ధతిలో ఒక్కొక్కళ్ళకి ఒక్క తెడ్డే. ఒకళ్ళు కుడివైపు వేస్తే ఇంకొకళ్ళు ఎడమవైపు. ఎనిమిది తెడ్డు పోట్లకోసారి వెనకవాళ్ళు "మార్చు" అని కేకేస్తారు, ఇద్దరూ ఒక్కసారిగా తెడ్డు అటుదిటు మార్చాలి. ఇవాళ అలవాటు కొద్దీ "మార్చు" అన్నాను. ఒడ్డున పడవలు బాగుచేసే వడ్రంగి బాబాయి కూర్చుని ఉన్నాడు.

"క్యాను మార్చిందా అమ్మాయ్?" అన్నాడు.

"మీ పని మీరు చూసుకోండి బాబాయ్" అన్నాను. ఆయన నవ్వుతూనే ఉన్నాడు. డెబ్బై ఏళ్ళొచ్చినా నోటికి తాళం లేదు.

నవంబరు 24

ఏటికి ఎగువనున్న పై క్లబ్బు కార్యదర్శి నుంచి ఉత్తరం. ఆవిడ పోస్టాఫీసులో పనిచేస్తుంది, ఇంటింటికీ ఉత్తరాలు పంచే ఆవిడ. మేమంతా పోస్టావిడ అంటాం. చేతిరాత ముత్యాల్లా ఉంది, విషయం మాత్రం చూడండి. "మీ చెల్లెలుగారు మా క్లబ్బులో చేరారు. నాతో కలిసి పడవ వేద్దామనుకుంటున్నారు. ఆమె పేరు పద్దెనిమిదో నంబరు పడవలో నమోదై ఉందని తెలిసి ఆశ్చర్యపోయారు. దయచేసి విడుదల కాగితం ఇప్పించగలరు."

ఆశ్చర్యపోయారట!

ఒక సీజన్లో ఒక మనిషి ఒకే పడవలో. జంట మారాలంటే పాత జంట మనిషి విడుదల కాగితం మీద సంతకం పెట్టాలి. నాలుగేళ్ళ కిందట ఈ నిబంధన రాసింది నేనే. ఎవరి పడవ గెలిచేట్టుంటే వాళ్ళ పడవలోకి దూకుతున్నారని రాశాను. అప్పుడు అందరూ భేష్ అన్నారు.

నవంబరు 25

అసలు ఆవిడెవరు మధ్యలో?

డిసెంబరు 1

జవాబు రాశాను. మర్యాదగానే రాశాను. విడుదల ఉత్తరం ద్వారా అడగకూడదు, దానికి ఫారం ఉంది, ఫారం నింపి పంపండి అని. నిబంధన అందరికీ ఒకటే. నా చెల్లెలని మినహాయింపు ఇస్తే రేపు నలుగురూ నా మొహాన ఉమ్మెయ్యరా?

డిసెంబరు 8

రెండో పందెం, వంతెన క్లబ్బు రేవులో. పోస్టావిడ తడిసిన గొడుగుతో నా టేబులు దగ్గరికే వచ్చింది. నింపిన ఫారం బల్ల మీద పెట్టింది. చెల్లి సంతకం ఉంది. సంతకం వంకరగా, చిన్నపిల్ల రాసినట్టు ఉంది. దాని సంతకం అలా ఉండదు.

"ఇది తన సంతకమేనా?" అన్నాను.

"ఎడంచేత్తో పెట్టారండి" అంది.

"ఇద్దరూ కన్వీనర్ ఎదుట పెట్టాలి సంతకం. తనని రమ్మనండి."

"అలా అని ఎక్కడుందండీ?"

"నేను చెప్తున్నానుగా."

ఆవిడ నా వంక అదోలా చూసి ఫారం మళ్ళీ తీసుకుంది. ఎవరేమనుకుంటే నాకేం? సంతకాలు ఎదుట పెట్టించుకోవడంలో తప్పేముంది? ఒక్కసారి వస్తే ఇద్దరం కూర్చుని మాట్లాడుకుంటాం, ఫారం అవసరమే ఉండదు.

పద్దెనిమిదో నంబరు: రాలేదు.

డిసెంబరు 15

చెల్లి ఇంటికి ఫోన్ చేశాను. మరిది ఎత్తాడు. "స్నానం చేస్తోంది వదినా" అన్నాడు. వారంలో మూడుసార్లు చేస్తే మూడుసార్లూ స్నానమే. నీళ్ళంటే అంత ఇష్టమున్న మనిషి పడవెక్కొచ్చుగా! ఆ మాటే అన్నాను. మరిది నవ్వలేదు. మంచివాడే, కానీ ఎప్పుడూ నట్టింట్లో నిలబడి ఎటూ తేల్చుకోలేని మనిషిలా మాట్లాడతాడు.

"వదినా, ఆ కాగితం మీద సంతకం పెట్టెయ్యకూడదూ? డాక్టరు కూడా చేతికి ఏదో ఒక పని ఉండాలన్నాడు. వారానికి రెండుసార్లు వ్యాయామానికి ఇంకా తీసుకెళ్తూనే ఉన్నాను."

"చిన్న పగులుకి ఇన్నాళ్ళా?" అన్నాను.

"ఉంటాను వదినా" అని పెట్టేశాడు.

డిసెంబరు 22

ఏమీ లేదు. వాన. మెట్ల మీద పక్కింటావిడ కనబడి "ఒంట్లో బాగాలేదా?" అంది. బాగానే ఉన్నాను అన్నాను. ఇవాళంతా నేను మాట్లాడిన మాట అదొక్కటే.

డిసెంబరు 31

డిపోలో సెలవుల చార్టు. అందరికీ ఎవరో ఒకరితో గడపాలని ఉంటుంది, సెలవు కావాలంటారు. నా పేరు ఎదురుగా డ్యూటీ వేసుకున్నాను. ఎవరో ఒకరు చెయ్యాలి కదా.

జనవరి 12

మూడో పందెం, మా రేవులోనే. చెల్లి వచ్చింది.

ముందు వీపు చూసి గుర్తుపట్టాను. తొమ్మిదేళ్ళు నా ఎదురుగా ఉన్న వీపు అది, పొరపాటు పడతానా? నీలం లైఫ్ జాకెట్టు, తలకి ఊలు టోపీ. చిక్కింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, ఎవరినడిగి కత్తిరించుకుందో. పోస్టావిడ పక్కనే తెడ్లు పట్టుకుని నిలబడింది. ఇద్దరూ దిగడానికి సిద్ధమయ్యే వచ్చారు.

చెల్లి టేబులు దగ్గరికి వచ్చి, ఫారం నా ముందు పెట్టి, నా ఎదుటే ఎడంచేత్తో సంతకం చేసింది. కుడిచెయ్యి జేబులోంచి తియ్యలేదు. నేను మనసులో ఎన్ని మాటలు అనుకుని ఉంచుకున్నాను! నోటికి వచ్చింది మాత్రం ఇది:

"పందేనికి పది రోజుల ముందు ఇవ్వాలి. ఇవాళ్టికి కుదరదు."

వెనక వరసలో జనం. అందరూ వింటున్నారు. చెల్లి వాదించలేదు. చిన్నప్పుడైతే కాళ్ళు నేలకేసి కొట్టేది.

"సరేనండీ" అంది.

వెళ్ళిపోయింది. ఒడ్డున నిలబడి పందెం చూసి పోతుందనుకున్నాను. అది కూడా చూడలేదు.

జనవరి 13

అండీ అంది నన్ను.

జనవరి 14

అండీ.

జనవరి 18

షెడ్డులో వడ్రంగి బాబాయి పడవ అడుగు చిత్రిక పడుతున్నాడు. నేను ఊరికే వెళ్ళాను, ఏదో వెతుకుతున్నట్టు. పని ఆపకుండానే, "కాగితం మీద సంతకం పెట్టావా?" అన్నాడు.

"గడువు..."

"గడువుని గంగలో కలుపు. ఒక్కటడుగుతాను, చెప్పు. ఆ పిల్ల నీ పడవలో కూర్చోవాలని నీకుందా, కూర్చోకపోతే ఇంకే పడవలోనూ కూర్చోకూడదని ఉందా?"

ఒళ్ళు మండిపోయింది. "మీకేం తెలుసు బాబాయ్? దాన్ని పెంచింది నేను."

"పెంచావు. కాదన్నదెవరు? ముప్పై తొమ్మిదేళ్ళొచ్చాయి. ఇంకా ఎంత పెంచుతావు?"

తలుపు ధడాల్న వేసి వచ్చేశాను. ఇంటికొచ్చాక ఏడుపొచ్చింది. కుళాయి కింద మొహం పెట్టి కడుక్కున్నాను. ఎవరూ లేని ఇంట్లో ఎవరు చూస్తారని ఆ తిప్పలు?

జనవరి 19

సంతకం పెట్టాను. పోస్టులో వేశాను. పద్దెనిమిదో నంబరు కొట్టేశాను.

జనవరి 26

పడవ దించలేదు. ఆదివారం పొద్దున పదయినా పక్క మీద నుంచి లేవలేదు. ముప్పై ఏళ్ళలో ఇదే మొదటిసారి.

ఫిబ్రవరి 9

నాలుగో పందెం. ఆనకట్ట దగ్గర నిలబడి పందెం కాపలా కాయాల్సిన మార్షల్‌కి జ్వరం. టైము చూసే పని వంతెన క్లబ్బువాళ్ళకి అప్పగించి నేనే వెళ్ళాను. పందెం ఏ రేవులో మొదలైనా ఈ ఆనకట్ట తప్పదు. పడవలు నీళ్ళ మీదుగా పోలేవు. ఇద్దరూ దిగి, పడవ ఎత్తుకుని, రాతి మెట్ల మీదుగా అవతలికి మోసుకుపోయి మళ్ళీ ఎక్కాలి. పోయిన ఏడు మార్చి తర్వాత నేను ఆ మెట్ల దగ్గరికి రాలేదు. పనిబడలేదు, అంతే.

చెల్లీ పోస్టావిడా పదకొండో వాళ్ళుగా వచ్చారు. వంపు తిరిగినప్పటి నుంచి చూస్తున్నాను. చెల్లి ముందు సీటు. కుడివైపే తెడ్డు వేస్తోంది. ఎనిమిది పోట్లయ్యాయి, మార్చలేదు. పదహారయ్యాయి, మార్చలేదు. పోస్టావిడ కేకే వెయ్యడం లేదు. ఇలా నేర్పుతారా ఎక్కడైనా అని కోపమొచ్చింది.

పడవ మెట్లకి తగిలింది. చెల్లి దిగి, ఎడం భుజం పడవ కిందకి దూర్చి లేపింది. కుడిచెయ్యి ఊరికే అంచు మీద పెట్టింది. మణికట్టు దగ్గర చెయ్యి పక్కకి తిరిగి ఉంది. బాగా అతకని చెయ్యి అలా ఉంటుంది. నా పక్కనుంచే పోయారు. మెట్లు చూసుకుంటూ పోయింది, నన్ను చూడలేదు. మూడో మెట్టు మీద కాలు పెట్టే ముందు ఆగింది. ఒక్క క్షణం. తర్వాత దిగింది.

పందెం అయ్యాక పోస్టావిడని పక్కకి పిలిచాను. "మీరు వైపు మార్చరేం?" అన్నాను.

"ఆవిడ కుడిచెయ్యి పైన పెట్టి నొక్కలేరండి. మణికట్టు వంగదు. ఎడమవైపు వెయ్యాలంటే కుడిచెయ్యి పైన ఉండాలి కదా. అందుకని ఆవిడెప్పుడూ కుడివైపే, నేనెప్పుడూ ఎడమవైపే." తెడ్డు తుడుచుకుంటూ, "మీకు తెలుసనుకున్నాను" అంది.

తెలుసు అని తలూపాను.

ఫిబ్రవరి 10

డిపోకి వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పాను.

రాస్తాను. చదివేది నేనే కదా.

పోయిన మార్చి. ఆఖరు పందెం కాబట్టి పడవలన్నీ ఒకేసారి వదిలారు. మెట్లు తడిగా ఉన్నాయి. మా ముందు ఒక్క పడవ ఉంది, వెనక ఒకటి తరుముకొస్తోంది. పడవ ముందు కొన చెల్లిది, వెనక కొన నాది. మూడో మెట్టు మీద దాని కాలు జారింది. పడవ దాని చేతి మీద పడింది. చప్పుడయింది. ఆ చప్పుడు పడవ రాతికి కొట్టుకున్న చప్పుడనుకున్నానని అందరితో చెప్పాను. మరిదితో చెప్పాను, డాక్టరుతో చెప్పాను. ఈ డైరీలో కూడా అదే రాశాను, అప్పట్లో. కాదు. పడవ చప్పుడెలా ఉంటుందో నాకు తెలుసు.

"అక్కా, చెయ్యి పోయింది" అంది. "ఆగుదాం అక్కా" అంది.

"లే, వాళ్ళు దాటేస్తున్నారు" అన్నాను.

లేచింది. నేను చెప్తే లేవకపోవడం దానికి తెలీదు. ఎక్కింది. ఇంకా మూడు కిలోమీటర్లు. ఎనిమిది పోట్లకోసారి "మార్చు" అన్నాను. వందసార్ల పైన అని ఉంటాను. అన్న ప్రతిసారీ మార్చింది. ఒక్కసారి ఆలస్యం చెయ్యలేదు. వెనక కూర్చున్నవాళ్ళకి ముందువాళ్ళ మొహం కనబడదు, వీపు కనబడుతుంది. ఆ వీపు వణుకుతోంది. చలికి అనుకున్నానని రాయబోయాను ఇప్పుడు కూడా. అనుకోలేదు.

నాలుగు సెకన్ల తేడాతో గెలిచాం. మరిది దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. నేను ఉండిపోయి ఫలితాల షీటు పూర్తి చేశాను. సాయంత్రం ఐదింటికి వెళ్ళాను. కప్పు పట్టుకుని వెళ్ళాను. మంచం పక్కన బల్ల మీద పెట్టి, "చూశావా, నేను చెప్పలేదూ?" అన్నాను.

బెణకలేదు. పగల్లేదు. రెండుచోట్ల విరిగింది. విరిగిన చేత్తో తెడ్డు వేయించాను కాబట్టి ఎముక పక్కకి జరిగిపోయింది. డాక్టరు నా ఎదుటే చెప్పాడు.

ఫిబ్రవరి 11

నిన్నటిది మళ్ళీ చదివాను. కొట్టెయ్యలేదు.

ఫిబ్రవరి 16

ఏం చెయ్యాలో తెలిసింది. నిబంధనల పుస్తకం తీశాను. పందెంలో ఎవరికి దెబ్బ తగిలినా పడవ అక్కడే ఆపి మార్షల్‌కి చెప్పాలి. ఆపకుండా పోతే ఆ పడవ ఫలితం రద్దు. ఇదీ నేను రాసిందే. మార్షల్ ఆ రోజు మెట్ల పైన ఉన్నాడు, ఇరవై అడుగుల దూరం కూడా లేదు. చెప్పలేదు మేము. మేము కాదు, నేను.

చలికాలమంతా నిబంధన నిబంధన అని అందర్నీ చంపుకుతిన్నాను. ఆ నిబంధన నాకు మాత్రం వర్తించదా? మార్చి తొమ్మిదిన బహుమతుల వేళ, నాలుగు క్లబ్బుల ముందు చదువుతాను. పోయిన సంవత్సరం మొదటి స్థానం రద్దు. కారణం నేను. ఏమీ దాచకుండా చదువుతాను. ముందు ఎవరికీ చెప్పను. చెల్లి కూడా అక్కడే వింటుంది. నా తలకాయ అందరి ముందూ వంచుకున్నానని చూస్తుంది.

ఫిబ్రవరి 23

చాలా రోజులకి కంచం పెట్టుకుని, కూర్చుని తిన్నాను. చదవాల్సిన కాగితం నాలుగుసార్లు తిరగరాశాను. మనసు తేలికపడింది. తప్పు ఒప్పుకోవడం ఇంత సులువనుకోలేదు.

మార్చి 9, సాయంత్రం

ఐదో పందెం అయింది. చెల్లీ పోస్టావిడా తొమ్మిదో స్థానం. వెయ్యలేని చేత్తో తొమ్మిది.

బహుమతులు మా షెడ్డులోనే. తడిబట్టల వాసన, టీ ఆవిరి, అరవై మంది జనం. బల్ల ఎక్కి కాగితం చదివాను. "అక్కా ఆగుదాం" అన్న మాట కూడా చదివాను. "కాబట్టి నిబంధన ప్రకారం పోయిన సంవత్సరం పద్దెనిమిదో నంబరు పడవ మొదటి స్థానం రద్దు చేస్తున్నాను. కప్పు రెండో స్థానం వాళ్ళకి ఇచ్చేస్తాం" అని ముగించాను. తర్వాత ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, అందరూ కొట్టారు. వడ్రంగి బాబాయి కొట్టలేదు. తల అడ్డంగా ఊపుతున్నాడు.

చెల్లి వైపు చూశాను. మొహం తెల్లగా పాలిపోయింది. లేచి బయటికి వెళ్ళిపోయింది. ఏడవడానికి వెళ్ళిందనుకున్నాను. నేను ఒప్పుకున్నందుకు కళ్ళనీళ్ళొచ్చి ఉంటాయనుకున్నాను. ఇంత బుద్ధిలేనిదాన్ని నేను.

వెనకాలే వెళ్ళాను. పడవలు బోర్లించే చోట నిలబడి ఉంది. నన్ను చూడగానే మీదకొచ్చింది.

"ఎవర్నడిగి చేశావు?"

ఆ "సరేనండీ" తప్పిస్తే ఏడాదిలో నాతో అన్న మొదటి మాట. అండీ లేదు.

"నిబంధన ప్రకారం..."

"నీ నిబంధన తగలెయ్య! నన్నడిగావా అంటున్నాను."

"నీకు చేసిన అన్యాయానికి..."

"అన్యాయం చేశావు, సరే. నాకు తెలీదా? నువ్వు బల్లెక్కి చెప్తేగానీ తెలీదా? విరిగిన చేత్తో మూడు కిలోమీటర్లు లాగిందెవరు? నువ్వా? కళ్ళు బైర్లు కమ్ముతుంటే పళ్ళు బిగబట్టి లాగాను. ఆ రోజు గెలిచింది నేను. నువ్వు కాదు, నేను. ఈ చేతికి బదులు నాకు మిగిలింది అదొక్కటే. దాన్ని అరవై మంది ముందు లాక్కుని ఇంకెవరికో ఇచ్చేస్తావా? అందరూ చప్పట్లు కొట్టారు నీకు, ఎంత గొప్పదో అని!"

వెనక్కి జరిగాను.

"ఆగుదామంటే ఆపలేదు. ఇప్పుడు ఉంచుకుందామంటే ఉంచవు. అప్పుడూ నువ్వే, ఇప్పుడూ నువ్వే. నా పేరు రాసేదీ నువ్వే, కొట్టేసేదీ నువ్వే. నేనెక్కడున్నాను అక్కా ఇందులో?"

అక్కా అంది. ఏడుస్తూ అరుస్తూ అంది. నేను షెడ్డు గోడకి ఆనుకుని నిలబడ్డాను. దాన్ని దగ్గరికి తీసుకుందామని చెయ్యి చాచబోయాను, దానికి ఇష్టమో కాదో తెలీక ఆగిపోయాను. నలభై తొమ్మిదేళ్ళ జీవితంలో దాన్ని ఎప్పుడూ అడగని మాట అడిగాను.

"ఏం చెయ్యమంటావు?"

"ఏంటి?"

"నువ్వే చెప్పు. రద్దు చెయ్యమంటే చేస్తాను, వద్దంటే లోపలికెళ్ళి వద్దని చెప్తాను. నువ్వు చెప్పిందే చేస్తాను."

నన్నే చూసింది, నేను వేరే భాషలో మాట్లాడినట్టు. మొహం తుడుచుకుంది, ఎడంచేత్తో.

"నాకిప్పుడు తెలీదు. ఆలోచించుకుని చెప్తాను" అంది.

"ఎప్పటికి? ఫలితాలు బుధవారానికల్లా క్లబ్బులకి..."

"చూశావా!" అంది.

నోరు మూసుకున్నాను. రెండు చేతులూ జోడించాను. దానికి నవ్వొచ్చిందో, ఏడుపొచ్చిందో, పెదవి మాత్రం కదిలింది. మరిది కారు హారను కొట్టాడు. వెళ్ళిపోయింది.

మార్చి 12, బుధవారం

ఫలితాలు పంపాల్సిన రోజు. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా గడువు దాటనివ్వలేదు. షీటు బల్ల మీద ఉంది, అన్నీ నింపాను. కింద "పోయిన సంవత్సరపు మొదటి స్థానం" అన్న చోట మాత్రం ఖాళీ ఉంచాను.

చెల్లి ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. రెండుసార్లు నంబరు సగం దాకా నొక్కాను.

మార్చి 14

వంతెన క్లబ్బువాళ్ళు ఫోన్ చేశారు, ఫలితాలేవీ అని. రాలేదన్నాను. ఏం రాలేదని అడిగారు. ఫోన్ పెట్టేశాను.

మార్చి 15

డిపోలో వచ్చే నెల చార్టు. అప్పుడు గొణుక్కుంటూ పోయిన ఆ డ్రైవర్ని పిలిచి ఏ డ్యూటీ కావాలయ్యా అని అడిగాను. భయపడిపోయాడు. "నేనేం తప్పు చేశాను మేడమ్?" అన్నాడు.

మార్చి 19

నాలుగు క్లబ్బులూ ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు అడుగుతున్నారు. వడ్రంగి బాబాయి కూడా వచ్చి, "కప్పు ఎవరిదో తేల్చవే, రెండోవాళ్ళు నా ప్రాణం తీస్తున్నారు" అన్నాడు. పోస్టావిడ ముత్యాల చేతిరాతతో ఇంకో ఉత్తరం, ఆలస్యానికి కారణం తెలుపగలరని.

కారణం రాసి నలుగురికీ పంపాను. ఒకటే వాక్యం. మా చెల్లి ఇంకా చెప్పలేదు.